పుట్టిలోంచి, బోటులోంచి చేప తీసే చేతివల: ఎట్లాంటిది కొనాలి, ఎట్ల వాడాలి

చేతివల కొనడానికి పోతే అందరి కళ్ళూ ముందు రింగు మీదికే పోతాయి. రింగు ఎంత పెద్దదైతే అంత పెద్ద చేప వస్తుందని లెక్క. గట్టు మీంచి గాలం వేసేవాళ్ళకు ఆ లెక్క నడుస్తుంది. పడవలోంచి వేసేవాళ్ళు మాత్రం మొదట పడవ అంచును కొలవాలి. మీరు కూర్చున్న చోటు నుంచి నీళ్ళు ఎంత కిందున్నాయో తేలాకే రింగు సంగతి. కృష్ణ ఒడ్డున సోమశిల దగ్గర పుట్టిలో, అంటే వెదురుతో అల్లిన గుండ్రటి పడవలో, హాయిగా పనిచేసిన వల, సాగర్ ఒడ్డున వైజాగ్ కాలనీ దగ్గర ఫైబర్ బోటు ఎక్కితే నీళ్ళకే అందదు. ఆ బోటు కోసమని కొన్న ఆరడుగుల కాడను పుట్టిలో తిప్పడానికి చోటుండదు, తెడ్డు వేసే ఆయన మోకాళ్ళకు తగులుతుంటుంది.

ఫ్లై రాడ్, అంటే ఈక ఎరను విసిరే సన్నటి గాలం కర్ర, పట్టేవాళ్ళకు చేతివల తప్పనిసరి. మామూలు గాలంతో, లావు తంగూసుతో, అంటే నైలాన్ దారంతో, పట్టేవాళ్ళు కిలోన్నర చేపను అట్లనే లేపి పడవలో వేసేస్తారు. ఫ్లై రాడ్‌తో అది కుదరదు. ఈకలతో, దారాలతో కట్టిన ఎర దాదాపు బరువే ఉండదు, దాన్ని దూరం మోసుకుపోయేది లైను బరువు. చివరన కట్టే సన్న తంగూసు, అంటే టిప్పెట్, మన చేపలకు మామూలుగా 4 నుంచి 6 కిలోలకు తెగేది వాడతారు. చేప నీళ్ళలో ఉన్నంతసేపు దాని బరువు నీళ్ళే మోస్తాయి. గాలిలోకి లేపగానే మొత్తం బరువు, దానికి తోడు కొట్టుకునే జోరు తంగూసు మీద పడతాయి. 3 కిలోల రవ్వ ఒక్క గుంజు గుంజితే 6 కిలోల తంగూసు తెగడం వింతేమీ కాదు. తంగూసు నిలబడితే రాడ్ కొన విరుగుతుంది.

ముందు టేపు, తర్వాత దుకాణం

పడవ ఖాళీగా ఉన్నప్పుడు కొలిస్తే కొలత తప్పుతుంది. మనుషులు, సామాను ఎక్కాక అంచు కిందికి దిగుతుంది. అందుకే అందరూ ఎక్కాక, మీరు రాడ్ పట్టుకుని కూర్చునే చోటనే కూర్చోండి. మోచేయి వంచి పిడికిలి ముందుకు పెట్టి, ఆ పిడికిలి నుంచి నీళ్ళ దాకా నిలువుగా కొలవండి. టేపు చివర ఒక నట్టు కడితే గాలికి ఊగదు.

వలను నీళ్ళలోకి దించేటప్పుడు కాడ నిలువుగా ఉండదు, ఏటవాలుగా ఉంటుంది. అందుకని వచ్చిన కొలతను 1.4తో గుణించి, చేతి పట్టు కోసం 20 సెం.మీ. కలపాలి. రింగు పొడవు ఇందులో లేదు, ఇది కాడ ఒక్కదాని లెక్క.

పుట్టిలో గొంతుక్కూర్చుని కొలిస్తే సుమారు 45 సెం.మీ. వస్తుందనుకుందాం. 45 × 1.4 అంటే 63, దానికి 20 కలిపితే 83. అంటే 80 నుంచి 90 సెం.మీ. కాడ సరిపోతుంది. ఫైబర్ బోటులో అడ్డపలక మీద కూర్చుంటే 75 దాకా వస్తుంది, అప్పుడు కాడ 125. బోటు ముందు భాగంలో నిలబడి విసిరేవాళ్ళకు 110 వస్తే 174, అంటే లాగితే పొడుగయ్యే టెలిస్కోప్ కాడ తప్పదు. థర్మకోల్ తెప్ప మీద కూర్చునేవాళ్ళు దాదాపు నీళ్ళ మట్టంలోనే ఉంటారు, వాళ్ళకు 50 సెం.మీ. చాలు. వాగుల్లో నడుస్తూ పట్టడానికి చేసిన జానెడు పిడి వల పనికొచ్చేది ఆ తెప్ప మీదనే. అదే వలను అందంగా ఉందని కొని బోటుకు తెచ్చేవాళ్ళు చాలామంది. నడుం దాకా బయటికి వంగితే తప్ప అది నీళ్ళను తాకదు, వంగితే బోటు ఒరుగుతుంది.

నాగార్జునసాగర్ జలాశయం నిండితే 285 చదరపు కిలోమీటర్ల నీళ్ళు. మధ్యాహ్నం గాలి లేస్తే అడ్డంకి లేని ఆ వెడల్పులో అలలు పెరుగుతాయి, అంచు ఎక్కిదిగుతూ ఉంటుంది. అక్కడికి పోయేవాళ్ళు లెక్కకు ఇంకో 15 సెం.మీ. కలుపుకోవాలి. కోయిల్‌సాగర్, డిండి లాంటి చిన్న జలాశయాల్లో ఆ అదనం అక్కర్లేదు.

కాడ పొడుగుకూ లీడర్‌కూ ఒక లంకె ఉంది. ఫ్లై రాడ్ మామూలుగా 9 అడుగులు. లావు లైనుకూ ఎరకూ మధ్య ఉండే లీడర్ కూడా 9 అడుగులే ఉంటే, చేప దగ్గరికి వచ్చాక ఆ రెంటినీ కలిపే ముడి రాడ్ కొన రింగు బయటే ఉంటుంది. తేట నీళ్ళని 12 అడుగుల లీడర్ కడితే, చేపను వల దాకా తేవడానికి ఆ ముడిని రింగు లోపలికి లాగాల్సి వస్తుంది. పడవను చూసి చేప మళ్ళీ కిందికి దూకుతుంది, ముడి రింగులో తడుతుంది, టిప్పెట్ తెగుతుంది. పొడుగు లీడర్ కావాలనుకునేవాళ్ళకు కాడ కూడా ఒక మూర పొడుగుండాలి. పడవలోంచి వేసేవాళ్ళకు మా సలహా మాత్రం 9 అడుగులే.

రింగూ, సంచీ

మీరు పట్టగలమనుకునే పెద్ద చేప పొడవులో మూడింట రెండొంతులకు రింగు తగ్గకూడదు. 5 కిలోల బొచ్చె సుమారు 65-70 సెం.మీ. ఉంటుంది, దానికి 45-50 సెం.మీ. రింగు చాలు. బొచ్చెకు తల పెద్దది, పొట్ట వెడల్పు. అందుకే రింగు పొడవొక్కటే చూడకుండా అడ్డం కూడా 40 తగ్గకుండా చూసుకోవాలి. రవ్వ, బంగారు తీగ, గడ్డిచేప కూడా ఆ రింగులోనే వస్తాయి. వాలుగ లెక్క వేరు. సన్నగా, పొడుగ్గా ఉంటుంది కాబట్టి 4-5 కిలోలదే రెండు మూరల దాకా ఉంటుంది. వాలుగ కోసమే పోతే రింగు 60 సెం.మీ. ఉండాలి. పుట్టిలో అంత రింగు కష్టం, పక్కన పెడితే కాలు మోపే చోటుండదు.

సంచి లోతు మీద ఎవరూ దృష్టి పెట్టరు. ఫోటో తీసుకుని చేపను వదిలేసేవాళ్ళ కోసం 25-30 సెం.మీ. లోతున్న, అడుగు పళ్ళెంలా ఉండే రబ్బరు వలలు వస్తున్నాయి. బంగారు తీగకు అవి బ్రహ్మాండం. చేప తిన్నగా పడుకుంటుంది, వంగిపోదు. అదే వలలో కొర్రమట్ట పడితే మాత్రం తోకతో ఒక్క దెబ్బ కొట్టి అంచు దాటి దూకేస్తుంది. మన తెలంగాణ రాష్ట్ర చేప అది, నీళ్ళ బయట కూడా గాలి పీలుస్తుంది కాబట్టి పైకి తీశాక మిగతా చేపల్లా తొందరగా సోలిపోదు. కొర్రమట్టకు సంచి కనీసం 50 సెం.మీ. లోతుండాలి. చేప లోపల పడగానే కాడను సగం తిప్పితే సంచి రింగు మీదికి మడతపడి నోరు మూసుకోవాలి. దుకాణంలోనే ఒక లీటరు నీళ్ళ సీసా సంచిలో వేసి కాడ తిప్పి చూడండి. మూతి మూసుకోకపోతే లోతు చాలనట్టే.

మరీ లోతైతే ఇంకో తంటా. 80 సెం.మీ. సంచి అడుగున చేప చుట్ట చుట్టుకుంటుంది. నీళ్ళలో దించినప్పుడు సంచి గాలికి ఎగిరిన చీర కొంగులా పక్కకు పోయి గాలానికి తగులుతుంది. రకరకాల చేపలు పడే మన నీళ్ళకు 50 నుంచి 60 సెం.మీ. లోతు, అడుగు కొంచెం చదునుగా ఉన్న సంచి మంచిది.

వల కన్ను సంగతి

ఎక్కువ డబ్బులు దండగయ్యేది ఇక్కడనే, ఎక్కువ చేపలు పాడయ్యేది కూడా ఇక్కడనే.

మామూలు ముడుల నైలాన్ వల చవక, తేలిక, చిరిగినా అల్లుకోవచ్చు. కానీ ప్రతి కన్నుకూ నాలుగు గట్టి ముడులుంటాయి. చేప కొట్టుకున్నకొద్దీ ఆ ముడులు ఒంటి జిగురును గీకేస్తాయి, పొలుసులు లేపుతాయి. జిగురు పోయిన చోట బూజు, పుండు పడతాయి. చేప ఈదుకుంటూ పోయిందని మనం సంతోషపడతాం గానీ అది తర్వాత చస్తుంది. కూరకే పట్టేవాళ్ళకు ఈ బాధ లేదు. అయినా ముడుల వల వాళ్ళకూ టైము తింటుంది, ఎందుకంటే గాలం మొన ఆ ముడుల్లో దిగితే విడదీయడం నరకం.

ముడుల్లేకుండా అల్లిన మెత్తటి నైలాన్ వల చేపకు నయం. నీళ్ళలో తేలిగ్గా కదులుతుంది, రబ్బరంత బరువుండదు. కాకపోతే తడి పీల్చుకుంటుంది, కంపు పడుతుంది, ఎదురు ముల్లున్న గాలం ఇందులో కూడా ఇరుక్కుంటుంది. రబ్బరు పూసిన నైలాన్ దీనికంటే ఒక మెట్టు పైన. మొన దిగదు, తడి పట్టదు. పూత పలచగా ఉన్న చవక రకంలో ఏడాది తిరిగేసరికి మడతల దగ్గర పూత రాలుతుంది. కొనేటప్పుడు ఒక కన్నును బొటనవేలితో, చూపుడువేలితో నలిపి చూడండి. పొడి రాలినా, లోపలి దారం తెల్లగా కనబడినా వద్దు.

మొత్తం రబ్బరుతో పోసిన సంచి చేపకు అన్నిటికంటే మేలు, గాలం దాదాపు చిక్కుకోదు. బరువెక్కువ. నీళ్ళలో పక్కకు తోస్తే ఎదురు తంతుంది. పొడుగు కాడ చివర ఆ బరువుంటే పట్టుకున్న చెయ్యి పది నిమిషాల్లో లాగుతుంది. పుట్టిలో పొట్టి కాడకు రబ్బరు సంచి, బోటులో పొడుగు కాడకు రబ్బరు పూసిన నైలాన్ వాడండి. పుట్టికి రబ్బరే ఎందుకంటే ఇంకో కారణం కూడా ఉంది. వెదురు బద్దలతో అల్లిన అంచు మీద సన్నటి పేళ్ళు లేచి ఉంటాయి. నైలాన్ కన్ను ఆ పేడుకు తగులుకుంటే వల సగంలో ఆగిపోతుంది. ఒక చేతిలో రాడ్, ఒక చేతిలో వల పట్టుకుని దాన్ని విడిపించడానికి మూడో చెయ్యి ఉండదు. నైలానే వాడతామంటే మీరు కూర్చునే వైపు అంచుకు రెండు మూరల మేర పాత సైకిల్ ట్యూబు చీల్చి చుట్టేయండి.

కన్ను సైజు దగ్గర దుకాణం భాషకూ ఆన్‌లైన్ భాషకూ తేడా ఉంది. ఆన్‌లైన్‌లో 20 మి.మీ. అని రాసేది చాలాసార్లు కన్ను ఒక పక్క కొలత. వలలమ్మే దుకాణంలో కన్నును గుంజి పట్టి ఈ ముడి నుంచి ఎదుటి ముడికి కొలుస్తారు, అదే వల అక్కడ 40 అవుతుంది. ఏ కొలతో అడిగి కొనండి. మన చేపలకు ఒక పక్క 12 నుంచి 18 మి.మీ. ఉన్న కన్ను బాగుంటుంది. 25 దాటితే తోక రెక్క కన్నులోంచి బయటికొచ్చి ఈనెల మధ్య చీలుతుంది, చిన్న చేప తల దూరి మొప్పల దగ్గర ఇరుక్కుంటుంది. 6 మి.మీ. లాంటి సన్న కన్నైతే నీళ్ళు తొందరగా పోవు, వల లేపుతుంటే బకెట్ లేపినట్టుంటుంది.

జెల్లల మొప్పల పక్కన, వీపు మీద రంపపు పళ్ళున్న ముళ్ళుంటాయి. అవి ఏ వలలోనైనా చిక్కుతాయి. విడదీయాలంటే గుంజి లాగొద్దు, ముల్లు ఇంకా బిగుస్తుంది. ముల్లును చేప ఒంటి వైపు మడిచి, కన్నును దాని మీదుగా ముల్లు కొన వైపు జరపాలి. రాకపోతే ఆ ఒక్క కన్ను కత్తిరించడమే మంచిది. వాలుగకు నోటి నిండా సన్నటి పళ్ళు, సన్న దారపు వలను కొరికి పారేస్తుంది. దానికి లావు రబ్బరు సంచే.

రింగూ కాడా దేనితో చేసినవి, ఎక్కడ విరుగుతాయి

చెక్క వల చూడ్డానికి అందంగా ఉంటుంది, తేలుతుంది, అంచుకు తగిలినా చప్పుడు చెయ్యదు. మన ఎండకు వార్నిష్ పగులుతుంది, పగులులో నీళ్ళు దిగితే పొరలు విడిపోతాయి. ఏడాదికోసారి గరుకు కాగితంతో రుద్ది వార్నిష్ వేసే ఓపికుంటేనే తీసుకోండి. అల్యూమినియం మనకు సరైంది. తేలిక, తుప్పు పట్టదు. ఫైబర్ బోటుకు తగిలితే టంగుమంటుంది, అది నీళ్ళలోకి కూడా వినబడుతుంది. ఏసీ పైపుల మీద తొడిగే నల్ల ఫోము గొట్టం కాడకు వేస్తే చప్పుడు పోతుంది, వల తేలడానికి కూడా సాయమవుతుంది. కార్బన్ కాడ తేలికకు తేలిక, బలానికి బలం, ధరకు ధర.

అసలు బలహీనత ఉండేది కాడా రింగూ కలిసే జాయింట్‌లో. మడిచే వలల్లో ఎక్కువ భాగానికి ఇక్కడ ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. దుకాణంలో రింగును గోడకు ఆనించి, కాడను అటూ ఇటూ మెల్లగా తిప్పండి. కిర్రుమన్నా, ఆడినా వద్దు. లోహపు జాయింటైతే లోపలి స్క్రూ స్టెయిన్‌లెస్ అవునో కాదో అయస్కాంతంతో చూడండి. అయస్కాంతం గట్టిగా పట్టుకుంటే అది మామూలు ఇనుమే కావచ్చు, తుప్పు పడుతుంది.

టెలిస్కోప్ కాడల్లో రెండు రకాల లాకులుంటాయి. తిప్పి బిగించేది తడిచేతికి జారుతుంది, బరువు పడితే కాడ తనంతట తాను కుంచించుకుపోతుంది. గుండీ బయటికి పొడుచుకొచ్చే లాకు నయం, కానీ ఇసుక పడితే గుండీ లోపలే ఉండిపోతుంది. నీళ్ళు తగ్గిన రోజుల్లో బురద ఒడ్డు మీద వల పడేసేవాళ్ళకు ఇది మామూలే. మంచినీళ్ళతో కడిగితే పోతుంది. నూనె మాత్రం రాయొద్దు, ఇసుక దానికే అంటుకుంటుంది.

ఎంత మంచి కాడైనా చేపను దాంతో అడ్డంగా లేపితే వంగుతుంది. ఒకసారి లెక్క చూడండి. రింగు మధ్య నుంచి కాడ చివరికి 150 సెం.మీ., సంచిలో 5 కిలోల బొచ్చె. ఒక చెయ్యి చివరన, ఇంకో చెయ్యి దానికి 30 సెం.మీ. ముందు. వెనక చెయ్యి 20 కిలోలంత బలంతో కిందికి నొక్కాలి, ముందు చెయ్యి 25 కిలోలు మోయాలి. కాడ కూడా ఆ ముందు చేతి దగ్గరే వంగుతుంది. చేప సంచిలో పడగానే కాడను నిలువు చేసి, చేతి మీద చెయ్యి వేసుకుంటూ దగ్గరికి లాక్కుని, రింగు పట్టుకుని లేపాలి. అప్పుడు 5 కిలోలు 5 కిలోలే.

కొన్నాక మొదటి పని, వలను నీళ్ళ డ్రమ్ములో పడేసి చూడటం. మునిగితే ఫోము తొడగాలి, లేదా కాడ చివర సన్న తాడు కట్టి ఇంకో కొస పడవకు కట్టాలి. పుట్టిలో ఆ తాడు మూరన్నర దాటొద్దు, కాళ్ళకు చుట్టుకుంటుంది.

ఇంట్లో చేసుకునేవాళ్ళకు

8 మి.మీ. అల్యూమినియం కడ్డీ ఆరడుగులు తీసుకోండి. బైకు 17 అంగుళాల రిమ్ము చుట్టూ వంచితే, వదిలాక కొంచెం తెరుచుకుని 45-50 సెం.మీ. రింగు వస్తుంది. చుట్టుకొలతకు 150 సెం.మీ. పోను రెండు వైపులా 15 సెం.మీ. చొప్పున కాళ్ళు మిగులుతాయి. కాడకు బోలు వెదురు వద్దు, లాఠీకి వాడే గట్టి వెదురు, 25 మి.మీ. లావుది కావాలి. రింగు కూర్చునే కొసకు గణుపు వచ్చేట్టు కోయండి. గణుపు లేని చోట కోస్తే మొదటి బరువుకే నిలువునా చీలుతుంది. రెండు పక్కలా గాడి తీసి, కడ్డీ కాళ్ళను అందులో పెట్టి, చివర్లను ఒక సెంటీమీటరు లోపలికి వంచి రంధ్రాల్లో దింపండి. పైన తంగూసును వరుస తప్పకుండా బిగించి చుట్టి, ఎపాక్సీ పూయండి.

సంచిని నేరుగా రింగుకు కుట్టొద్దు. పై వరుస కన్నులన్నిటిలోంచి 3 మి.మీ. నైలాన్ తాడు దూర్చి, ఆ తాడును ప్రతి 4 సెం.మీ.కు ఒక ముడి చొప్పున రింగుకు కట్టండి. 37, 38 ముడులు పడతాయి. పడవ అంచుకు రాసుకుని అరిగేది అప్పుడు తాడే, వల కన్నులు అరగవు. తాడు మార్చుకోవడం అరగంట పని.

చేపను వలలోకి తేవడం

వల తడిపి, చేప అలసిపోక ముందే చేతికందే చోట పెట్టుకోవాలి. పొడి వల నీళ్ళ మీద తేలి, సంచి బయటికి తిరగబడుతుంది.

చేప పక్కకు ఒరిగి పొట్ట చూపే దాకా వల దించొద్దు. దించాక కదపొద్దు. రింగులో మూడొంతులు నీళ్ళలో, ముందు అంచు ఒక జానెడు లోతున ఉండాలి. రాడ్‌ను వెనక్కీ పక్కకూ తీసుకుపోతూ చేప తలను పైకి తేవాలి. తల నీళ్ళ మీదికి వచ్చిన చేప దిశ మార్చలేదు, జారుకుంటూ వస్తుంది. అది రింగు వెనక అంచును తాకాకే వల లేపాలి. వలతో చేపను తరమడం, తోక వైపు నుంచి అందుకోబోవడం, ఈ రెండింటితోనే ఎక్కువ చేపలు పోతాయి. తోకకు రింగు తగిలితే చేపకు మళ్ళీ ప్రాణం లేచొస్తుంది.

రాడ్‌ను నిలువుగా ఎత్తి, చేపను మీ కాళ్ళ దగ్గరికి లాగొద్దు. అప్పుడు బరువంతా సన్నటి కొన మీద పడుతుంది, కార్బన్ రాడ్ పటుక్కుమంటుంది. రాడ్ పిడికీ లైనుకూ మధ్య కోణం 90 డిగ్రీలు దాటకుండా చూసుకుంటే ఆ భయం లేదు. చేయి వెనక్కి చాచండి, పైకి కాదు.

ఒకే లీడర్ మీద రెండు ఈక ఎరలు కట్టేవాళ్ళకు ఒక హెచ్చరిక. చేప కింది ఎర మీద ఉంటే పై ఎర ఖాళీగా వేలాడుతూ వచ్చి, వల ముందు అంచులో దిగుతుంది. చేప బయట, గాలం వలలో. ఒక్క గుంజుతో తెగుతుంది. పడవలో ఒంటరిగా ఉంటే ఒక్క ఎరే కట్టండి.

పుట్టికి ముందూ వెనకా లేవు, అడుగున పడవను నిలకడగా ఉంచే నిలువు పలక (కీల్) లేదు. పెద్ద చేప లాగితే బొంగరంలా తిరుగుతుంది, లైను తారు పూసిన అడుగు కిందికి పోయి రాసుకుంటుంది. తెడ్డు వేసే ఆయన పని ఇక్కడే మొదలవుతుంది. చేప ఎటుంటే మీ ముఖం అటే ఉండేట్టు తెడ్డుతో పుట్టిని తిప్పుతూ ఉండాలి, వల ఆయన పట్టొద్దు. ఇద్దరూ ఒకే వైపు వంగితే పుట్టి బోర్లా పడుతుంది. కాబట్టి వల మీరే పట్టండి, కూర్చునే పట్టండి, ఆయన ఎదుటి వైపు బరువేసి కూర్చోవాలి. లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కొద్దు. బోటులోనైతే వల రెండో మనిషికి ఇవ్వొచ్చు. కానీ లైను పట్టుకోవద్దని, "ఇప్పుడు" అనేదాకా వల కదపొద్దని ముందే చెప్పాలి.

మునిగిన తుమ్మచెట్లు, మోడులు ఉన్న చోట్ల వల లోతుగా దించితే ముళ్ళకు తగులుతుంది. సాగర్ నిండు మట్టం 590 అడుగులు, శ్రీశైలం 885. మట్టం పడిపోయాక ఒడ్డున ఎక్కడెక్కడ మోడులు తేలాయో చూసి గుర్తుపెట్టుకుంటే, నీళ్ళు నిండిన తర్వాత ఆ చోట పుట్టిని నాలుగు బారల బయటికి తోయించి చేపను తీసుకోవచ్చు. కృష్ణలో మొసళ్ళున్నాయి, చేపను సంచిలో పెట్టి నీళ్ళలో వేలాడేసి కబుర్లు చెప్పుకోవద్దు.

వదిలేసే చేపకు సంచి నీళ్ళలోనే ఉంచి గాలం తీయండి. ఎదురు ముల్లును ముందే పట్టకారుతో నొక్కేసిన గాలమైతే ఒక్క మెలికతో వస్తుంది. చేతులు తడిపి పట్టుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో ఎండకు కాలిన బోటు అంచు మీద చేపను పెట్టడమంటే పెనం మీద పెట్టినట్టే. 20 డిగ్రీల నీళ్ళలో లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ పడితే, 30 డిగ్రీల నీళ్ళలో ఏడున్నరకు మించి పట్టదు. అందుకని వేసవిలో చేప తేరుకోవడానికి ఎక్కువ సేపు పడుతుంది. చేపను నీళ్ళలో పొట్ట కిందికి ఉండేట్టు ఉంచి, తానే తోక కొట్టి పోయేదాకా పట్టుకోవాలి.

చెరువుల్లో చేపల హక్కు మత్స్య సహకార సంఘాలది, వాళ్ళను అడక్కుండా గాలం వేయొద్దు. సాగర్, శ్రీశైలం నీళ్ళ ఒడ్డు చాలాచోట్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యానికి ఆనుకుని ఉంటుంది, అటువైపు పోయేముందు అటవీ శాఖను అడగాలి.

ఇంటికొచ్చాక వలను మంచినీళ్ళలో ముంచి, సంచిని తిరగేసి నీడలో ఆరేయండి. రబ్బరు సంచిని మడిచి కారు డిక్కీలో వదిలేస్తే మే ఎండకు కన్నులు ఒకదానికొకటి అతుక్కుని, విప్పేటప్పుడు తెగుతాయి. రింగు పైభాగాన కొక్కేనికి వేలాడదీసి, సంచి లోపల ఒక పాత ప్లాస్టిక్ సీసా పెడితే రెండు పక్కలూ అంటుకోవు.